చూడ్డానికొచ్చాను సార్

మా వీధి మలుపులో ఉన్న జిరాక్స్ షాపుకు ఏ పింఛను కాగితం కోసమో, ఏ ఆధార్ కాపీ కోసమో వెళ్ళినప్పుడల్లా అక్కడ ఒక కుర్రాడు నాకంటే ముందే నిలబడి ఉంటాడు. మనిషి మారతాడు గానీ అతని చేతిలో కాగితాలు మారవు. ఒక కట్టలో రానూపోనూ విమానం టికెట్టు, హోటల్ బుకింగు, దుబాయ్ విజిట్ వీసా ఉంటాయి. ఇంకో కట్టలో ఫొటో అతికించిన బయోడేటా కాపీలు, ఐటీఐ సర్టిఫికెట్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఎప్పుడో మస్కట్‌లో పనిచేసిన కంపెనీవాళ్ళు ఇచ్చిన అనుభవ పత్రం. మొదటి కట్ట చేతిసంచిలో పైపైనే ఉండాలట. రెండోది పెద్ద పెట్టె అడుగున, బట్టల మడతల్లో. షాపు నడిపే అతను ఈ విద్యలో ఆరితేరాడు. మొన్నొక కుర్రాడు అడిగాడు: "అన్నా, ఎయిర్‌పోర్టుల ఎందుకు పోతున్నవంటే ఏం చెప్పాలె?" షాపతను కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు: "చూస్తందుకు పోతున్న సార్ అను. బుర్జ్ ఖలీఫా పేరు యాది పెట్టుకో. తడబడకు." ఆ కుర్రాడు పెదాలు కదుపుతూ ఆ పేరును వల్లె వేసుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూచున్నా ఆ పెదాలే గుర్తుకొచ్చాయి. పనికి పోతున్నాననేది మా జగిత్యాల వైపు మగవాడు తలెత్తుకుని అనే మాట. ఆ మాటను పెట్టె అడుగున దాచి, అప్పు చేసి మరీ షికారుకు బయల్దేరానని చెప్పాల్సిన అవసరం ఎలా వచ్చింది? ఊరికే తిరిగి చూసిపోయేవాడు పెద్దమనిషి, పని అడిగేవాడు అనుమానితుడు. ఈ లెక్క మొదట ఎవరు వేశారో!

మా చిన్నప్పుడు ఊళ్ళోంచి పనికి పోవడం అంటే భీవండి, షోలాపూర్, బొంబాయి. మగ్గాల మీద బతకలేక సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి ఎన్ని సాలె కుటుంబాలు అలా తరలిపోయాయో లెక్క లేదు. వాళ్ళ చేతిలో ఒక్క కాగితం కూడా ఉండేది కాదు. ఊరివాడెవడైనా అక్కడ ఉన్నాడంటే చాలు, రైలు దిగి వాడి గది వెతుక్కుంటూ పోవడం, ఆ రాత్రికి చాప మీద ఇంత చోటు, తెల్లారి పవర్‌లూం షెడ్డు ముందు నిలబడటం. షెడ్డు యజమాని ఏ సర్టిఫికెట్టూ అడిగేవాడు కాదు. తెగిన పోగు చూపించి అతకమనేవాడు. అతికే వేళ్ళు చూస్తే మనిషి పనివాడో కాదో తెలిసిపోతుంది కదా. తాపీపని, వెల్డింగు, వంట, క్షౌరం, డ్రైవింగు ఏదైనా అంతే. చేతిపనివాడిని ఉత్తరం మీద నమ్మి పెట్టుకోరు, ఎదుటపడాలి. పొద్దున ఆరింటికి ఏ ఊళ్ళోనైనా కూలీల అడ్డా మీద తాపీ, సుత్తె పట్టుకుని నిలబడేవాళ్ళను చూస్తూనే ఉంటాం. విజిట్ వీసా నా దృష్టిలో సముద్రం అవతలి అడ్డా. కాకపోతే ఇక్కడి అడ్డాకు టీ ఖర్చుతో చేరుకోవచ్చు. అక్కడికి చేరడానికి భార్య మెడలోంచి పుస్తెలతాడు తీయాలి, ఇన్ని రోజులే నిలబడతానని ముందే రాసివ్వాలి, పైగా నిలబడ్డది పనికోసం కాదని ప్రమాణం చేయాలి.

చమురు ధరలు పెరిగిన డెబ్బైల నుంచీ కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మనుషులు గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. కోనసీమ నుంచీ, ఉమ్మడి కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచీ కువైట్‌కు పోయినవాళ్ళ కథ ఇంకొకటి. మొదట్లో కంపెనీ వీసాలు. కంపెనీ మనిషి బొంబాయికి వచ్చి హోటల్లో కూచుని ఇంటర్వ్యూలు చేసేవాడు, టికెట్టు పంపేవాడు. తర్వాత ఆజాద్ వీసాలు వచ్చాయి. కఫీల్ (వీసాకు హామీ ఉండే యజమాని) పేరు ఒకటి, పనిచేసే చోటు ఇంకొకటి. ఇప్పుడు ఊరంతా విజిట్. ఈ వరసను కాస్త తీరిగ్గా చూస్తే ఒక సంగతి పట్టుబడుతుంది. వెనకటి రోజుల్లో మనిషిని వెతకడానికి అయ్యే ఖర్చు కంపెనీది: ఇంటర్వ్యూ చేసేవాడి ప్రయాణం, ఏజెంటు కమీషను, వీసా, టికెట్టు, నచ్చకపోతే తిప్పి పంపడం. ఇప్పుడు వెతుకులాట అంతా పనివాడి నెత్తిన పడింది. టికెట్టు అతనిది, గది అద్దె అతనిది, ఖాళీగా గడిచిన రోజులు అతనివి, దొరక్కపోతే అప్పూ అతనిదే. కంపెనీకి మాత్రం మనుషులు గుమ్మంలోకే వచ్చి నిలబడుతున్నారు. విజిట్ మీద వెళ్ళడం కుర్రాళ్ళ తొందరపాటని మనం అంటాం. వాళ్ళ తొందర వల్ల ఎవరికి ఎంత మిగులుతోందో మాత్రం ఎవరూ లెక్క వేయరు.

మన చట్టం ఏం చేస్తోందని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం తిరగేశాను. రిటైరైన మాస్టారికి ఇంతకంటే పనేముంటుంది! పదో తరగతి పాసవని మనిషి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అలాంటివాడు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాల్లో ఎక్కడికి ఉద్యోగానికి పోయినా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ దారిలో వెళితే ఒప్పందపత్రం ప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లోకి ఎక్కుతుంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా ఉంటుంది. లైసెన్సున్న ఏజెంటు 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి పుచ్చుకోకూడదు. చదువుతుంటే ఇంత మంచి ఏర్పాటా అనిపించింది. అయితే ఇదంతా ఉద్యోగానికి పోయేవాడికి. చూడ్డానికి పోయేవాడికి ఈ అనుమతితో పనిలేదు కాబట్టి ఆ గొడుగు కిందికి అతను రానేరాడు. రేపు పరంజా మీంచి పడితే అతను కార్మికుడు కాదు, జారిపడ్డ యాత్రికుడు. మరి ఆ గొడుగును తనంతట తనే ఎందుకు వదులుకుంటాడు? ఒప్పందపత్రం కావాలంటే అవతల పని ఇచ్చేవాడు ముందే ఉండాలి. పని ఇచ్చేవాడు కనబడాలంటే ముందు అక్కడికి పోవాలి. ఈ మెలికలోంచి బయటపడే దారి చట్టంలో నాకు దొరకలేదు. ఏజెంటుకు దొరికింది.

దుబాయ్ నేనూ వెళ్ళాను. మా అక్క కొడుకు అక్కడ ఒక గోడౌన్‌లో అకౌంట్లు చూస్తాడు. మామయ్యా, ఒకసారి వచ్చి పోవే అని పోరుపెట్టి వీసా పంపాడు. అదీ విజిట్ వీసానే. శంషాబాద్‌లో కౌంటర్ వెనక ఆఫీసరు నా నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా చూసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ముద్ర కొట్టాడు. నా వెనక కుర్రాడిని పక్కకు జరిపి ఆరా తీశారు. ఎన్ని రోజులు, ఎవరింట్లో, డబ్బెంత ఉంది, హోటల్ పేరేమిటి. ఇద్దరి వీసా ఒకటే, విమానం ఒకటే, వరసలో ఒకడి వెనక ఒకడం. తేడా ఎక్కడుంది? చేతుల్లో ఉందనుకుంటాను. నా వేళ్ళకు కాయలు లేవు. 2024 వేసవిలో దుబాయ్ విమానాలెక్కేవాళ్ళలో విజిట్ వాళ్ళను ఆపి 3,000 దిర్హాములు చూపించమన్నారు, తిరుగు టికెట్టు, ఉండే చోటి చిరునామా అడిగారు. అప్పటి లెక్కన దగ్గర దగ్గర 68 వేల రూపాయలు. అంత డబ్బు చేతిలో ఆడుతుంటే జగిత్యాల కుర్రాడు ఆ వరసలో నిలబడేవాడేనా?

మా వాడు ఒక శుక్రవారం నన్ను సత్వా అనే పేటలో ఊరి కుర్రాళ్ళ గదికి తీసుకెళ్ళాడు. బెడ్‌స్పేస్ అంటారు. గది అద్దెకు తీసుకోరు, మంచమే అద్దెకు తీసుకుంటారు. ఒకదానిపై ఒకటిగా ఇనప మంచాలు, ఒక్కోదానికి ఒక్కో పాత చీర తెర. పప్పు, పచ్చిపులుసు వాసన అచ్చం మన ఇళ్ళలో లాగే. తలుపు పక్కన నల్లగా మెరిసే బూట్లు ఒక్క జత మాత్రమే ఉన్నాయి. ఎవరివని అడిగాను. ఎవరికి ఇంటర్వ్యూ ఉంటే వాళ్ళవి అన్నారు నవ్వుతూ. కాలు చిన్నదైతే ముందు కాగితం కుక్కుకుంటారట. గోడకు క్యాలెండరు లేదు, అవసరం కూడా లేదు. ఎవరిని అడిగినా ఎన్ని రోజులు మిగిలాయో తడుముకోకుండా చెబుతారు. ఏసీ మెకానిక్ ఒకడు దిగిన వారంలో 2,000 దిర్హాములకు తక్కువైతే చేయనన్నాడట. రెండో నెల సగానికి వచ్చేసరికి 1,200కు ఒప్పుకున్నాడు. పని అంతే, చేయీ అంతే. మరి ఎనిమిది వందలు ఎక్కడ పోయాయి? కంపెనీవాడు కూర్చోబెట్టి మొదట అడిగేది పని వచ్చా అని కాదట, వీసా ఎన్నాళ్ళుంది అని. ఇంకా నలభై రోజులుందంటే ఫోన్ చేస్తాం పొమ్మంటాడు. తొమ్మిది రోజులే అంటే కుర్చీ ముందుకు జరుపుకుని బేరం మొదలెడతాడు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా అని ఇద్దరికీ తెలుసు. ఆ గదిలో నేను విన్న మాటలన్నింట్లో నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే. ఏజెంటు మోసాల గురించి పేపర్లలో వస్తుంది. ఒక తారీఖు మనిషి ధరను రోజురోజుకీ ఎలా తగ్గిస్తుందో ఎక్కడా రాదు. తగ్గేకొద్దీ అది ఎవరికో లాభం కూడాను.

ట్రయల్ అని ఇంకొకటి ఉంది. పని చూసి తీసుకుంటాం, వారం రోజులు రా అంటారు. భీవండిలో పోగు అతకమన్నట్టే కదా అనిపిస్తుంది వినడానికి. కానీ విజిట్ మీద ఉన్నవాడు ఒక్క రోజు పని చేసినా అక్కడి చట్టం ప్రకారం నేరమే. అందుకే జీతం అడగలేడు, ఫిర్యాదు చేయలేడు, ట్రయల్ అయిపోయాక వద్దు పొమ్మంటే ఎక్కడికీ పోలేడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అక్కడి ప్రభుత్వం 2024లో చట్టం సవరించి, పర్మిట్ లేకుండా మనుషుల చేత పని చేయించే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా క్షమాభిక్ష ప్రకటించి, గడువు మీరినవాళ్ళు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు, లేదా పని చూసుకుని కాగితాలు సరిచేసుకోవచ్చు అంది. కల్లివెల్లి అయి, అంటే కాగితాలు లేనివాళ్ళుగా మిగిలిపోయి, పట్టుబడతామన్న భయంతో పగలు బయటికి రాకుండా బతికినవాళ్ళు అప్పుడు అలా బయటపడ్డారు. క్షమాభిక్ష మంచిదే. 2007లో ఒకటి, 2013లో ఒకటి, 2018లో ఒకటి, మళ్ళీ 2024లో ఒకటి. ఇన్నిసార్లు క్షమించాల్సి వస్తోందంటే తప్పు మనుషుల్లోనే ఉందా, దారిలో ఉందా అన్న అనుమానం రాదూ?

ఇదంతా చదువురాని వాళ్ళ గొడవ అనుకునేవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేయాలి. 2022 చివర్లో, 2023 మొదట్లో అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేలకు వేలమందిని తీసేసినప్పుడు హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు దక్కిన గడువు 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా దేశం విడవాలి. వాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. చాలామంది ఫారం ఐ-539 నింపి బీ-2కు, అంటే విజిటర్ హోదాకు, మారి ఉద్యోగం వెతుక్కున్నారు. మన డాలస్ ఇంజినీరూ, మన జగిత్యాల ఏసీ మెకానిక్కూ ఒకే పడవలో కూచున్నారన్నమాట, ఇద్దరూ విజిట్ మీదే. కానీ ఇంజినీరు బుర్జ్ ఖలీఫా పేరు బట్టీ పట్టాల్సిన పని పడలేదు. 2023 మార్చిలో అమెరికా వలస విభాగమే చెప్పింది: బీ-1, బీ-2 మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఇంటర్వ్యూలకు పోవచ్చు, పనిలో చేరే ముందు మాత్రం హోదా మార్చుకోవాలి. వెతకడం వేరు, చేయడం వేరు అని అంత పెద్ద దేశం బాహాటంగా ఒప్పుకుంది. జర్మనీ 2024 జూన్‌లో ఛాన్సెన్‌కార్టె అని ఒకటి తెచ్చింది. చదువుకో వృత్తి శిక్షణకో, భాషకో, అనుభవానికో మార్కులు వేసి, ఏడాది దాకా ఉండి పని వెతుక్కోమంటారు, ఆ లోపల వారానికి 20 గంటలు చేసుకోనిస్తారు. అంతెందుకు, దుబాయ్ ఉన్న దేశమే 2022 అక్టోబరు నుంచి జాబ్ ఎక్స్‌ప్లొరేషన్ వీసా ఇస్తోంది. 60, 90, 120 రోజులకు, అక్కడ హామీ ఉండేవాడెవడూ అక్కర్లేదు. చదివి భలే అనుకుని కిందికి చూస్తే కనీసం డిగ్రీ ఉండాలంది. పై మూడు నైపుణ్య స్థాయుల ఉద్యోగాలు చేసేవాడై ఉండాలి, లేదా ప్రపంచంలోని మొదటి 500 విశ్వవిద్యాలయాల్లో ఒకదాంట్లోంచి కొత్తగా బయటికొచ్చినవాడై ఉండాలి. నిజం చెప్పి లోపలికి రావడానికి కూడా డిగ్రీ అడుగుతున్నారు! బుర్జ్ ఖలీఫా కట్టిన చేతుల్లో ఎన్నింటికి డిగ్రీలున్నాయో వాళ్ళకు తెలియదా?

అయితే అసలు వెళ్ళొద్దని చెప్పనా? చెప్పలేను. విజిట్ మీద పోయి, మంచి కంపెనీలో కుదిరి, అక్కడే హోదా మార్పించుకుని, మెడికల్ అయి, ఎమిరేట్స్ ఐడీ చేతికొచ్చి, రెండేళ్ళకు చెల్లెలి పెళ్ళి చేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ మీద నీళ్ళట్యాంకులు చూస్తూ పెరిగిన కుర్రాడికి నేనేం చెప్పినా చాదస్తమే. ఏజెంటును తిట్టి చేతులు కడుక్కుందామన్నా మనసొప్పదు. ఆ ఏజెంటు కూడా చాలాసార్లు ఊరివాడే, ఒకప్పుడు అదే గదిలో అదే మంచం మీద పడుకున్నవాడే. కానీ విజిట్ అనే మాటతో ఇప్పుడు వేరే వ్యాపారం నడుస్తోంది, దాని ముందు సత్వా గది స్వర్గం. థాయిలాండ్ 2023 చివరి నుంచి మన పాస్‌పోర్టుకు వీసా అడగడం మానేసింది, 2024 జూలైలో అలా వీసా లేకుండా ఉండే గడువును 60 రోజులు చేసింది. షికార్లకు పోయేవాళ్ళకు పండగే. అదే తలుపు గుండా డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కుర్రాళ్ళను బ్యాంకాక్‌లో దింపి, అక్కణ్ణించి మేసాట్ దాకా కార్లో తీసుకెళ్ళి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడ్డీలో పడేశారు. పాస్‌పోర్టు, ఫోను లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. కంబోడియాకు అలా చేరినవాళ్ళ గురించి విశాఖ పోలీసులు 2024లో బయటపెట్టారు. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాలు మేసాట్ నుంచి 549 మందిని వెనక్కి తెచ్చాయి. వాళ్ళలో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. వీళ్ళు చదువురానివాళ్ళు కారు, కంప్యూటరు వచ్చినవాళ్ళు. చూడ్డానికి పోతున్నానని చెప్పి దేశం దాటినవాడు ఎక్కడికి పోయాడో ఏ రికార్డులోనూ ఉండదు, కాబట్టి మాయమైనా వెంటనే ఎవరికీ తెలియదు.

అందుకే రెండు మాటలు. మొదటిది ఢిల్లీలో, హైదరాబాదులో, అమరావతిలో కూచున్న పెద్దలకు. గల్ఫ్ దేశాలతో ఒప్పందాలు మాట్లాడేటప్పుడు చమురు, పెట్టుబడులతో పాటు ఇదొక్కటి బల్ల మీద పెట్టండి. మేస్త్రీకీ, వెల్డరుకూ, డ్రైవరుకూ కూడా పని వెతుక్కునే వీసా కావాలి. ఇక్కడ ఈ-మైగ్రేట్‌లో పేరెక్కాలి, వెతికే రోజుల్లోనూ బీమా ఉండాలి. వెతుక్కోవడానికే పోతున్నానని కౌంటరు దగ్గర చెప్పగలగాలి. రెండోది ఇంట్లో వాళ్ళకు. మీ వాడు విజిట్ మీద బయల్దేరితే ఆపగలిగితే ఆపండి, ఆపలేకపోతే తిరుగు టికెట్టు నిజందో ఉత్తుత్తిదో పీఎన్‌ఆర్ కొట్టి మీరే చూసుకోండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దనీ, వర్క్ పర్మిట్ రాకుండా ఒక్క రోజు కూడా పనిలోకి దిగొద్దనీ చెప్పండి. పని దొరికాక, వీసా మార్చడానికి ఇంత అవుతుంది పంపించు అని కంపెనీ పేరు మీద ఫోనొస్తే గాజులు తాకట్టు పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. మనిషిని తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు యజమానే భరించాలనీ, పనివాడి దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ వసూలు చేయకూడదనీ యూఏఈ 2021లో చేసిన 33వ నంబరు కార్మిక చట్టం ఆరో అధికరణంలో రాసి ఉంది.